వాడుక తప్పిన మాటల్లో ఇంగ్లండ్

1100 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని ఏ పల్లె పొలిమేరలోనైనా శవం కనపడితే, ఊరివాళ్లు ముందుగా వెతికేది హంతకుణ్ణి కాదు, పోయినవాడి చుట్టాల్ని. ఎవరైనా వచ్చి ‘వీడు మావాడే, ఇంగ్లీషువాడే’ అని సాక్ష్యం చెబితే ఊరు గట్టెక్కినట్టే. చెప్పే దిక్కు లేకపోతే అది నార్మన్ శవం కిందే లెక్క. హంతకుణ్ణి పట్టి ఇవ్వలేకపోతే చుట్టుపక్కల పల్లెలన్నీ కలిసి రాజుకు పెద్ద జరిమానా కట్టాలి. ఆ జరిమానా పేరు మర్డ్రమ్. దాన్నుంచి ఊరిని తప్పించే సాక్ష్యానికి ఇంగ్లీష్రీ అని పేరు.

ఈ రెండు మాటలూ ఇప్పుడు ఇంగ్లీషువాళ్లకే తెలియవు. లండన్ రైల్లో పక్కన కూర్చున్నవారిని అడిగితే ఇంగ్లీష్రీ అంటే ఏదో ఊరి పేరు అనుకుంటారు. కానీ 1066లో నార్మండీ డ్యూక్ విలియం సముద్రం దాటి వచ్చి హేస్టింగ్స్ దగ్గర గెలిచాక ఈ దేశంలో సామాన్యుడి బతుకు ఎలా మారిందో చెప్పడానికి ఈ రెండు మాటలకు మించిన ఆధారం దొరకడం కష్టం. గెలిచినవాళ్లు కొద్దిమంది. ఓడినవాళ్లు ఊళ్ల నిండా ఉన్నారు. ఒంటరిగా దొరికిన నార్మన్లను రాత్రిపూట అడవి దారుల్లో చంపేస్తున్నారు. చంపినవాణ్ణి పట్టుకోవడం కొత్త రాజు వల్ల కాదు, అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరి మీదా భారం మోపాడు.

అంతకు ముందు ఈ నేల మీద ఇంకో పద్ధతి ఉండేది. దాని పేరు వేర్‌గిల్డ్. వేర్ అంటే పాత ఇంగ్లీషులో మగమనిషి. నేటి ఇంగ్లీషులో అది తోడేలుగా మారే మనిషి కథల్లో, వేర్‌వుల్ఫ్ అనే మాటలో మిగిలింది. గిల్డ్ అంటే చెల్లింపు. మనిషిని చంపితే వాడి కుటుంబానికి కట్టాల్సిన మూల్యం అది. వెసెక్స్ రాజ్యపు చట్టంలో చియోర్ల్ అనే స్వతంత్ర రైతు ప్రాణం ఖరీదు 200 షిల్లింగులు, థేన్ అనే దొర ప్రాణం ఖరీదు 1,200 షిల్లింగులు. ఒక దొర ఆరుగురు రైతులతో సమానమన్నమాట. ఇది న్యాయమని ఎవరూ అనలేరు. అయినా ఆ డబ్బు వెళ్లి చేరేది చచ్చినవాడి ఇంటికి. నార్మన్లు వచ్చాక మర్డ్రమ్ సొమ్ము రాజు ఖజానాకు చేరింది. ఆ ఇంటివాళ్లకు అందులో చిల్లిగవ్వ రాదు. ఒక మాట పోయి ఇంకో మాట వచ్చేలోపల చావు తాలూకు డబ్బు దారి మార్చుకుంది. ఆ డబ్బు మళ్లీ ఇల్లు చేరడానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్లు పట్టింది.

1170ల చివర్లో రాజు కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఖజానా పద్ధతుల మీద గురుశిష్య సంవాదంగా ఒక లాటిన్ పుస్తకం రాశాడు. అందులో శిష్యుడు మర్డ్రమ్ గురించి అడుగుతాడు. నార్మన్లూ ఇంగ్లీషువాళ్లూ ఒకరినొకరు పెళ్లాడి ఎంతగా కలిసిపోయారంటే, కట్టుబానిసల్ని మినహాయిస్తే ఇప్పుడు ఎవరు ఎవరో చెప్పడం సాధ్యం కాదని గురువు జవాబు. మరి చెప్పలేనప్పుడు జరిమానా ఎందుకు? రాబడి వస్తోంది కనుక. చెట్టు మీదనుంచి పడి చచ్చినా, ఏట్లో మునిగి చచ్చినా ఈ జరిమానా గుంజిన రోజులున్నాయి. ప్రమాదంలో పోయినవాళ్లకు దీన్ని వర్తింపజేయకూడదని 1267 నాటి మార్ల్‌బరో శాసనం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మూడో ఎడ్వర్డ్ రాజు కాలంలో, 1340లో గానీ మర్డ్రమ్ పూర్తిగా రద్దు కాలేదు. జాతుల తేడా చెరిగిపోయిందని ఖజానా పెద్దే ఒప్పుకున్నాక కూడా ఒకటిన్నర శతాబ్దం పైన ఆ తేడా పేరిట వసూళ్లు సాగాయి.

ఆ వసూళ్ల లెక్కలు చూసిన ఉద్యోగి పదవి ఒకటి ఇప్పటికీ ఉంది. 1194లో, మొదటి రిచర్డ్ రాజు విడుదల సొమ్ముకోసం దేశం పీల్చి పిప్పి అవుతున్న రోజుల్లో, ప్రతి జిల్లాలోనూ రాజుకు రావలసిన రాబడి జారిపోకుండా చూడడానికి కొందరిని నియమించారు. వాళ్లే కరోనర్లు. కరోనర్ అంటే కిరీటం తరఫు మనిషి. శవం దొరికితే వచ్చి చూడడం, జరిమానాలు రాయడం వాడి పని. ఇప్పుడు ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు కారణం తెలియని ప్రతి మరణాన్నీ కరోనర్‌కు నివేదిస్తూనే ఉంటారు. ఖజానా కోసం పుట్టిన పదవి పోయినవాళ్ల తరఫున నిజం నిగ్గుతేల్చే పదవిగా మారింది.

జరిమానా కట్టే ఆ పల్లెల గుంపుకు హండ్రెడ్ అని పేరు. అంకె కాదు, మన ఫిర్కా లాంటి ఒక విభాగం. దొంగతనం జరిగితే కేకలు వేసి అందర్నీ లేపి, పొలిమేర నుంచి పొలిమేరకు దొంగను తరమాలి. ఆ కేకకు హ్యూ అండ్ క్రై అని పేరు. 1285 నాటి వించెస్టర్ శాసనం దీన్ని పకడ్బందీ చేసింది. 15 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి మగవాడూ తన తాహతుకు తగ్గ ఆయుధం ఇంట్లో ఉంచుకోవాలి. సంతలకు పోయే రహదారికి అటూ ఇటూ 200 అడుగుల మేర పొదలు నరికేయాలి. దొంగ దొరక్కపోతే నష్టం హండ్రెడ్ అంతా భరించాలి. జీతం తీసుకునే పోలీసులు లండన్ వీధుల్లోకి వచ్చింది 1829లో. అప్పటిదాకా ఈ దేశంలో శాంతిభద్రతల బరువు మోసింది ఊళ్లే.

హండ్రెడ్ అనే విభాగం ఎప్పుడో నిరుపయోగమైంది. కానీ ఒక్కచోట దాని నీడ మిగిలింది. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు నేరుగా రాజీనామా చేయడానికి వీల్లేదు. 1624 నాటి తీర్మానం అలాగే ఉంది. అయితే రాజు దగ్గర జీతం వచ్చే కొలువులో చేరినవాడు సభలో ఉండకూడదు. అందుకని వెళ్లిపోదలచిన సభ్యుణ్ణి బకింగ్‌హామ్‌షైర్‌లోని మూడు చిల్టర్న్ హండ్రెడ్‌లకు పెత్తందారుగా నియమిస్తారు. పేరుకే అది కొలువు, పనీ లేదు, జీతమూ లేదు. 2007లో ప్రధాని పదవి వదిలిన టోనీ బ్లెయిర్ పార్లమెంటు నుంచి బయటపడిన దారి కూడా ఇదే.

వాడుక తప్పిన మాటల్లో తెలుగువాళ్లు ఎక్కువ సేపు ఆగాల్సింది విలెయిన్ దగ్గర.

విలియం గెలిచిన ఇరవై ఏళ్లకు, 1086లో, దేశంలోని భూమినీ మనుషుల్నీ ఎద్దుల్నీ నాగళ్లనూ లెక్క రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు దాన్ని. అందులో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో కనిపించే జనం విలానస్‌లు. లాటిన్‌లో విల్లా అంటే పల్లెటూరి భూస్వామ్యం, దాని మీద బతికేవాడు విలానస్. వాడే తర్వాతి ఇంగ్లీషులో విలెయిన్ అయ్యాడు. తన చెక్క తాను దున్నుకుంటూ, వారంలో కొన్ని రోజులు దొర పొలంలో వెట్టి చేయాలి. అనుమతి లేకుండా ఊరు వదలకూడదు. కూతురి పెళ్లి చేస్తే దొరకు మర్చెట్ అనే రుసుము కట్టాలి. ఇంటి యజమాని చచ్చిపోతే కొట్టంలో ఉన్న మేలైన పశువును దొర తోలుకుపోతాడు, దానికి హెరియట్ అని పేరు. భూమి విషయంలో దొర మీద రాజు కోర్టుకు పోయే హక్కు లేదు. దొర కోర్టులో దొర మీదే ఫిర్యాదు చేసుకోవాలి.

1348లో ప్లేగు వచ్చింది. రెండేళ్లలో దేశజనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన చేతులకు గిరాకీ పెరిగింది, కూలి పెరిగింది. దొరలు బెంబేలెత్తిపోయారు. 1351లో చట్టం చేసి కూలి రేట్లను ప్లేగుకు ముందున్న స్థాయికి దించేశారు. ఆపైన ఫ్రాన్స్‌తో యుద్ధానికని తలపన్ను వేశారు. మూడో విడతలో పదిహేనేళ్లు దాటిన ప్రతి మనిషీ సగటున 12 పెన్నీలు కట్టాలన్నారు. 1381 మే నెలాఖరులో ఎసెక్స్‌లో నిప్పు రాజుకుంది. కెంట్ నుంచి వాట్ టైలర్ అనేవాడి వెనక వేలమంది లండన్‌కు నడిచారు. దారిపొడవునా వాళ్లు పట్టుబట్టి కాల్చినవి దొరల కోర్టు దస్త్రాలు. ఎవడు విలెయినో, ఎవడు కాదో రాసి ఉన్నది అక్కడే మరి.

జూన్ 14న లండన్ శివార్లలోని మైల్ ఎండ్‌లో పద్నాలుగేళ్ల రెండో రిచర్డ్ రాజు వాళ్లను కలిశాడు. కట్టుబానిసత్వం రద్దు చేస్తున్నానని పత్రాలు రాయించి ఇచ్చాడు. ఆ మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో రాజు ఎదురుగానే టైలర్ హతమయ్యాడు. జూలై 2న ఆ పత్రాలు చెల్లవని ప్రకటన వచ్చింది. మనుషులంతా పుట్టుకతో సమానమేనని బోధించిన జాన్ బాల్ అనే పాదిరిని ఉరితీశారు.

తిరుగుబాటు ఓడిపోయినా విలెయిన్ గెలిచాడు, నెమ్మదిగా. వెట్టి కాస్తా డబ్బు శిస్తుగా మారింది. దొర కోర్టు దస్త్రం నకలే భూమి పట్టా అయింది. కాపీహోల్డ్ అని పిలిచే ఆ పట్టా పద్ధతి 1926 దాకా బతికింది. విలెయిన్ బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టమంటూ ఒక్కటీ లేదు. ఆ స్థితిలో ఉండే మనుషులు లేకుండా పోయారంతే.

మాట మాత్రం పోలేదు. మనుషులు బయటపడ్డ గోతిలోకి అది దిగింది. 1300 ప్రాంతంలోనే విలెయిన్‌కు మొరటువాడు, నీచుడు అనే అర్థం అంటుకుంది. తర్వాత మోసగాడయ్యాడు, నాటకాల్లో దుర్మార్గుడయ్యాడు, నవలల్లో కథానాయకుడికి ఎదురు నిలిచేవాడయ్యాడు. చివరికి మన సినిమా హాళ్లకు వచ్చి విలన్ అయ్యాడు. తెలుగు సినిమాలో విలన్ అనగానే గుర్తొచ్చేది భూములు ఆక్రమించే జమీందారు, కూలీలను వేధించే మోతుబరి. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ జమీందారుకు ఎదురుతిరిగిన రైతుల కథ. అందులో పెత్తనం చెలాయించేవాణ్ణి విలన్ అని పిలుస్తున్నాం. ఆ పేరు మొదట భరించింది మాత్రం వాడి కాళ్ల కింద నలిగిన రైతు. ఒక్క విలెయినే కాదు, చియోర్ల్ అనే స్వతంత్ర రైతు కూడా చర్ల్ అయి, మర్యాద తెలియనివాడిగా మిగిలాడు. నేవ్ అంటే ఒకప్పుడు కుర్రాడు, ఆ తర్వాత పనికుర్రాడు, ఆపైన వంచకుడు. అదే కాలంలో జెంటిల్, నోబుల్ అనే మాటలు కులీనుల ఇళ్లలో పుట్టి సద్గుణాల పేర్లయ్యాయి. ఇది భాషలో తనంతట తాను జరిగిపోయిన మార్పని సరిపెట్టుకోవడానికి మనసొప్పదు. కలం ఎవరి చేతిలో ఉంటే మంచితనం వాళ్ల పేరిట, చెడ్డతనం పొలం దున్నేవాడి పేరిట జమ అయ్యాయి.

ఇలా ఒకరు పెట్టిన పేరు ఇంకొకరు మోయడం తెలుగువాళ్లకూ అనుభవమే. ఇంగ్లీషులో చచ్చిపోయిన మాటల్లో ఒకటి మన భాష పేరు. అది జెంటూ. పోర్చుగీసు భాషలో జెంతియో అంటే అన్యమతస్థుడు. ఇంగ్లీషు వర్తకులు ఆ మాటను అందుకుని భారతదేశంలో ముస్లింలు కానివాళ్లందరికీ తగిలించారు. 1776లో హాల్హెడ్ హిందూ ధర్మశాస్త్రాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించినప్పుడు పెట్టిన పేరు జెంటూ చట్టాల సంహిత. మద్రాసులో మాత్రం ఆ మాట కుదించుకుపోయి తెలుగు భాషకూ తెలుగువాళ్లకూ గుర్తయింది. 1816లో మద్రాసులో వెలువడిన ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం పేరులోనే, సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాష అని ఉంది. ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్న భాష అని నిరూపించాడు. పాత పేరు అట్ట మీద, భాష అసలు వంశం లోపలి పేజీల్లో. 1852లో సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు వచ్చేసరికి తెలుగు తన పేరుతోనే నిలబడింది. బ్రౌన్ 1884 డిసెంబరులో పోయాడు, లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి భాగం అచ్చయింది కూడా ఆ సంవత్సరమే. ఒకసారి ఎక్కించిన మాటను ఆ నిఘంటువు తీసివేయదు. వాడుక పోతే పక్కన చిన్న కత్తి గుర్తు వేసి ఉంచుతుంది. బతికున్న మాటతో సమానంగా చచ్చిన మాటకూ చోటిచ్చిన ఆ నియమానికి ఇంగ్లండ్ రుణపడి ఉంది.

కొన్ని మాటలు సద్దు లేకుండా పోయాయి. టాలీ అలా పోలేదు.

లెక్క టాలీ కావట్లేదని మన ఆఫీసుల్లో అంటుంటాం. అసలు టాలీ ఒక పుల్ల. ఫిట్జ్‌నీల్ పనిచేసిన ఖజానాలో పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున్న బల్ల మీద గళ్ల గుడ్డ పరిచి, ఆ గళ్లలో బిళ్లలు జరుపుతూ పన్ను లెక్క చూసేవారు. ఆ గళ్ల గుడ్డ వల్లే ఖజానాకు ఎక్స్‌చెకర్ అనే పేరు వచ్చింది. ఇప్పటి బ్రిటన్ ఆర్థికమంత్రి పదవి పేరులో అది ఇంకా ఉంది. కట్టిన సొమ్ముకు రసీదు హేజెల్ కొమ్మ. వెయ్యి పౌన్లకు అరచేతి మందాన, వందకు బొటనవేలి మందాన, ఒక పౌనుకు బార్లీ గింజంత గాటు పెట్టేవారు. తర్వాత గాట్లు రెండు సగాల్లోనూ పడేలా నిలువునా చీల్చి చెరొకటి ఉంచుకునేవారు. మళ్లీ లెక్క చూసే రోజు రెండు చీలికలూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి. చదువు రానివాణ్ణి కూడా మోసం చేయలేని రసీదు అది. పొడుగు చీలికను స్టాక్ అనేవారు. అప్పిచ్చినవాడి దగ్గర ఉండేది అదే.

ఏడు శతాబ్దాల పాటు నడిచిన ఈ పుల్లల లెక్క 1826లో ఆగిపోయింది. గదుల నిండా పేరుకున్న ఎండుపుల్లల్ని ఏం చేయాలో తోచలేదు. 1834 అక్టోబరు 16న రెండు బండ్ల పుల్లల్ని ప్రభువుల సభ కిందున్న పొయ్యిల్లో వేసి తగలబెట్టారు. పొగగొట్టాలు కాగి, ఆ సాయంత్రానికి పార్లమెంటు భవనం అంటుకుంది. 1097లో కట్టడం మొదలుపెట్టిన వెస్ట్‌మినిస్టర్ హాలు దక్కింది గానీ రెండు సభలూ బూడిదయ్యాయి. ఈ రోజు ఫొటోల్లో కనిపించే పార్లమెంటు ఆ బూడిద మీద లేచిందే.

ఆ కొత్త భవనానికి రాళ్లు చెక్కుతున్న పనివాళ్లు కొందరు 1841 డిసెంబరు 24 తెల్లవారుజామున క్రిస్మస్‌కు ఇళ్లకు వెళ్తూ గ్రేట్ వెస్టర్న్ రైలెక్కారు. గూడ్సు బండికి తగిలించిన మూడో తరగతి పెట్టెలు అవి. పైకప్పు లేదు, పక్క గోడలు తక్కువ ఎత్తు. ఇంజిను వెనకే వాళ్లు, వాళ్ల వెనక సరుకు. రెడింగ్ దగ్గర సోనింగ్ అనే చోట వానకు నాని కట్ట జారి పట్టాల మీద పడింది. ఇంజిను ఆ మట్టిలో దూసుకుపోయింది. వెనక సరుకు పెట్టెల బరువంతా మనుషుల మీదికి వచ్చింది. అక్కడికక్కడే ఎనిమిది మంది పోయారు, తర్వాత ఇంకొకరు.

శవవిచారణ జరిపిన జ్యూరీ అప్పటికే ముసలిదైపోయిన ఒక మాటను బయటకు తీసింది. అది డియోడాండ్. లాటిన్‌లో దేవుడికి ఇవ్వవలసినది అని అర్థం. మనిషి చావుకు కారణమైన వస్తువు, అది బండి చక్రమైనా, పొడిచిన ఎద్దయినా, మరిగే కాగు అయినా, దైవానికి చెందుతుందన్నది మధ్యయుగాల నమ్మకం. పుణ్యకార్యాలకు ఖర్చుపెట్టాలని రాజు దాన్ని స్వాధీనం చేసుకునేవాడు, వస్తువుకు బదులు ఖరీదు తీసుకునేవాడు. కాలక్రమంలో జ్యూరీలు మొహమాటపడి ఒక షిల్లింగు, రెండు షిల్లింగులు అని రాసి సరిపెట్టసాగాయి. రైళ్లు వచ్చాక పరిస్థితి మారింది. సోనింగ్‌లో జ్యూరీ ఇంజిను మీద, పెట్టెల మీద 1,000 పౌన్ల డియోడాండ్ వేసింది. అది చివరికి నిలబడలేదు. కానీ ఒక కంపెనీని వేలెత్తి చూపడానికి ఊరి జ్యూరీకి ఆ పురాతన మాట తప్ప వేరే ఆయుధమే లేదని దేశానికి తెలిసివచ్చింది.

నిజంగానే లేదు. 1808లో ఒకాయన భార్య గుర్రబ్బండి బోల్తాపడి గాయాలతో నెల తర్వాత చనిపోయింది. ఆయన కోర్టుకు వెళ్తే, ఆమె బతికున్న ఆ నెల నష్టానికే పరిహారమని, మనిషి చావు సివిల్ కోర్టులో ఫిర్యాదు చేసుకోగల నష్టం కాదని న్యాయమూర్తి ఎలెన్‌బరో ప్రభువు తేల్చాడు. కాలు విరిగితే డబ్బు, ప్రాణం పోతే ఏమీ లేదు. వేర్‌గిల్డ్ నాటి ఇంగ్లీషు రైతుకు ఈ తీర్పు చెబితే నమ్మేవాడు కాదు.

1844లో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు ఉండాలని చట్టం వచ్చింది. 1846లో పార్లమెంటు రెండు చట్టాలు జోడుగా చేసింది. ఒకటి డియోడాండ్‌ను రద్దు చేసింది. కాంప్‌బెల్ ప్రభువు పట్టుబట్టి తెచ్చిన రెండోది, ఇతరుల తప్పు వల్ల మనిషి చనిపోతే భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు నష్టపరిహారం కోరవచ్చని చెప్పింది. మొదటిది రాకపోతే రైలు కంపెనీలు ఊపిరి పీల్చుకునేవి కావు, రెండోది రాకపోతే కుటుంబాలకు దిక్కుండేది కాదు.

బొంబాయి నుంచి ఠాణాకు తొలి రైలు నడిచిన రెండేళ్లకు, 1855లో, కాంప్‌బెల్ చట్టాన్నే నమూనాగా తీసుకుని కలకత్తాలో భారతదేశానికీ ఒక చట్టం చేశారు. ఆ ఏడాది చట్టాల్లో అది పదమూడోది. ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ అనే పేరుతో తెలుగునేల మీద కోర్టుల్లో కూడా వకీళ్లు దాన్ని ఉదహరిస్తూ వచ్చారు. కరెంటు తీగ తెగిపడి, గోడ కూలి, బావి పనిలో మనిషి పోయిన కేసుల్లో కుటుంబం తరఫున దావా వేయడానికి ఆధారం అదే. పరిహారం ఎవరికి చెందాలో అందులోని తొలి నిబంధనలోనే ఉంది: భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు.